శ్రీయుత సివిల్స్ అర్హతల నిబంధనలు గారికి

అయ్యా,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. తమరు ఏటా నోటిఫికేషన్‌లో క్షేమంగానే వెలువడుతున్నారు. గేటు బయట ఆగిపోయింది నేనే.

ముందు తమరి మంచితనం చెప్పి తీరాలి. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ నుంచి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలన్నారు. ఇన్ని మార్కులు రావాల్సిందేనని పట్టుబట్టలేదు. సప్లిమెంటరీలతో గట్టెక్కిన నన్నూ, గోల్డ్ మెడల్ వచ్చినవాణ్ణీ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. ఇంత పెద్ద కొలువుకి ఇంత ఉదారంగా పిలిచేవాళ్లు ఎవరున్నారు? పేచీ అంతా పుట్టినతేదీ దగ్గరే వచ్చింది.

మా అమ్మ లెక్క ప్రకారం నేను 1992లో నాగుల చవితి మర్నాడు తెల్లవారుజామున పుట్టాను. పుట్టలో పాలు పోసి వచ్చిన రాత్రే నొప్పులు మొదలయ్యాయట. ఇంతకన్నా గట్టి సాక్ష్యం మా ఇంట్లో దేనికీ లేదు. 1997 జూన్‌లో బడిలో వేయడానికి తీసుకెళ్తే, ఐదేళ్లు నిండనిదే ఒకటో తరగతిలో చేర్చుకోకూడదన్నారు మాస్టారు. తర్వాత నాన్న ముఖం చూసి జాలిపడి, రిజిస్టరులో 1-6-1992 అని వేసేశారు. మా క్లాసులో సగం మందిమి ఆ రోజే పుట్టాం. పాపం, ఆ ఒక్కరోజు ఊళ్లో మంత్రసానికి అన్నం తినే తీరికైనా దొరికి ఉండదు.

ఆ తేదీయే పదో తరగతి మెమోలోకి ఎక్కింది. తమరేమో పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి 21 నిండాలి, 32 నిండకూడదు అన్నారు. 2024 ఆగస్టు 1న అమ్మ లెక్కలో నాకింకా 31. మెమో లెక్కలో రెండు నెలల కిందటే 32 నిండిపోయాయి. అటెంప్టు మిగిలింది, వయసు అయిపోయింది. (ఓబీసీలకు 35 దాకా, ఎస్సీ ఎస్టీలకు 37 దాకా సడలింపు ఉంది. దానితో నాకు తగవు లేదు. నా తగవు మాస్టారి కలంతో.)

పోనీ జాతకం పట్టుకొద్దామా అనుకున్నాను. తమరు అదీ ముందే పసిగట్టారు. జాతకాలు, అఫిడవిట్లు, మున్సిపాలిటీ జనన నమోదు కాగితాలు చెల్లవని నోటిఫికేషన్‌లోనే రాసిపెట్టారు. జాతకం సంగతి సరే. పుట్టిన రోజున పుట్టినట్టు రాసుకున్న కాగితం చెల్లదు, పదిహేనేళ్ల తర్వాత లెక్కలు, సైన్సు పాసైనందుకు ఇచ్చిన కాగితం చెల్లుతుంది! ఈ మాట చెబితే మా అమ్మ, "కన్నది నేనా, ఎస్సెస్సీ బోర్డా?" అంది.

తమరి వంశంలో ఈ గొడవ పాతదేలెండి. 1869లో సురేంద్రనాథ్ బెనర్జీ ఐసీఎస్ (బ్రిటిషువాళ్ల కాలపు సివిల్స్) పాసైతే, వయసు లెక్క కుదరలేదని పేరు కొట్టేశారు. మా దేశంలో కడుపున పడ్డప్పటి నుంచీ వయసు లెక్కేస్తారని చెప్పి, కోర్టుకెక్కి గెలిచాడాయన. అరవిందుడిది ఇంకో విడ్డూరం. 1890లో పరీక్ష పాసయ్యాడు, గుర్రపు స్వారీ పరీక్ష దగ్గర ఆగిపోయాడు. స్వాతంత్ర్యం వచ్చాక తమవాళ్లు గుర్రం దిగి పెళ్లి మీద పడ్డారు. విదేశాంగ సర్వీసులో ఆడవాళ్లు పెళ్లి చేసుకోవాలంటే ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలట. ఆ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కితే గానీ అది పోలేదు. తీర్పు వచ్చేసరికి 1979. మగవాళ్లకు ఆ బెడద లేదు, పెళ్లయితే వాళ్లకు వండిపెట్టే మనిషి దొరుకుతుందని కాబోలు.

ఇప్పటి కొలతలూ తక్కువేం కాదు. ఐపీఎస్ కావాలంటే మగవాడు మామూలుగా 165 సెంటీమీటర్లు ఉండాలి. ఛాతీ 84, ఊపిరి పీల్చితే ఇంకో 5 పొంగాలి. బాగుంది. మంత్రిగారి ఫోన్ వచ్చినప్పుడు అదే ఛాతీ ఎన్ని సెంటీమీటర్ల దాకా కుంచించుకుపోవచ్చో కూడా ఒక ముక్క రాసి ఉండాల్సింది.

గడ్డం గురించి మాత్రం స్పష్టంగానే రాశారు. అప్లికేషన్ ఫొటోలో గడ్డం ఉంటే పరీక్షకూ, ఇంటర్వ్యూకీ అదే గడ్డంతో రావాలి. కళ్లజోడు, మీసం సంగతీ అంతే. మా రూమ్మేట్ తిరుమలలో తలనీలాల మొక్కు వాయిదా వేసుకున్నాడు. స్వామివారు ఆగుతారు, పరీక్ష పెట్టే కమిషన్ ఆగదు అని వాడి టెన్షన్.

అటెంప్టుల లెక్క ఇంకా ముచ్చట. నాలాంటి జనరల్‌ వాళ్లకు ఆరు. అప్లై చేసి, పరీక్షకు వెళ్లకుండా ముసుగుతన్ని పడుకున్నవాడికి అటెంప్టు భద్రంగా ఉంటుంది. జ్వరంతో వెళ్లి ప్రిలిమ్స్‌లో (తొలి వడపోత పరీక్షలో) ఒక్క పేపరు రాసి, రెండోది రాయలేక వచ్చేసినవాడిది మాత్రం ఖర్చయిపోతుంది.

సరే, తమరితో వాదన ఎందుకు. రాష్ట్ర కొలువుల పరీక్ష, తమరి చుట్టం గ్రూప్-1 గారు ఏపీలో 2023 నోటిఫికేషన్‌లో 42 ఏళ్ల దాకా రమ్మన్నారు. అటే బయల్దేరాను. ఆయన దగ్గరికి ఏ కాగితం పట్టుకెళ్లాలో నాకెవరూ చెప్పక్కర్లేదు, మెమో లామినేషన్ చేయించి పెట్టుకున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు
(వయసు: అమ్మనడిగితే ఒకటి, మెమోనడిగితే ఇంకొకటి)