వేటు ఎప్పుడూ కోచ్ మీదేనా?

1998 డిసెంబరు. బ్యాంకాక్ ఆసియా క్రీడల హాకీ ఫైనల్లో దక్షిణ కొరియాను టైబ్రేకర్‌లో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. 1966 తర్వాత, అంటే 32 ఏళ్లకు, ఆ పతకం మళ్లీ మన చేతికొచ్చింది. ధన్‌రాజ్ పిళ్లై కెప్టెన్. మూడు ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాదీ ముకేశ్ కుమార్ ఆ జట్టులో ఉన్నాడు. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా నుంచి వచ్చిన 21 ఏళ్ల డిఫెండర్ దిలీప్ టిర్కీ కూడా ఉన్నాడు. పతకంతో తిరిగొచ్చాక కోచ్ ఎం.కె. కౌశిక్‌ను తీసేశారు. పిళ్లైతో పాటు పలువురు సీనియర్లకు 'విశ్రాంతి' ఇచ్చారు. ఓడినందుకు కోచ్‌ను తీసేయడం ఎక్కడైనా ఉన్నదే. గెలిచినందుకు కూడా తీసేస్తారని ఆ కుర్రాడు మొదటిసారి చూశాడు.

ఆరేళ్ల తర్వాత అదే టిర్కీ ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జట్టుకు కెప్టెన్. క్రీడలు మరికొన్ని వారాల్లో ఉన్నాయనగా కోచ్ రాజిందర్ సింగ్‌ను తప్పించి జర్మనీకి చెందిన గెర్హార్డ్ రాక్‌ను తెచ్చారు. ఆటగాళ్ల పేర్లు నేర్చుకోవడానికే చాలని గడువులో ఆయన ఒలింపిక్ జట్టును నడపాల్సి వచ్చింది. భారత్ ఏడో స్థానంలో నిలిచింది.

ఆ దిలీప్ టిర్కీయే 2022 సెప్టెంబరు నుంచి జాతీయ హాకీ సమాఖ్య అయిన హాకీ ఇండియాకు అధ్యక్షుడు. ఒలింపిక్స్ ఆడిన మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అప్పుడు మేమూ సంతోషించాం. కోచ్‌ల నియామకం, తొలగింపు విషయంలో దశాబ్దాలుగా సాగుతున్న తొందరపాటును సరిదిద్దగల మనిషి ఎవరైనా ఉంటే ఆయనేనని నమ్మాం. ఆ నమ్మకం పూర్తిగా పోలేదు కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు లెక్క చూద్దాం. 2011 జూన్ నుంచి 2019 ఏప్రిల్ వరకు పురుషుల జట్టు చీఫ్ కోచ్‌గా మైకేల్ నాబ్స్, టెర్రీ వాల్ష్, పాల్ వాన్ ఆస్, రోలంట్ ఓల్ట్‌మన్స్, షోర్డ్ మరీన్, హరేంద్ర సింగ్, గ్రాహం రీడ్ వచ్చారు. ఎనిమిదేళ్లలో ఏడుగురు. లండన్ ఒలింపిక్స్‌లో ఆఖరిదైన 12వ స్థానం చూశాక నాబ్స్‌ను మార్చడాన్ని ఎవరూ తప్పుపట్టరు. మిగతావాళ్ల సంగతే ఆలోచించాలి.

వాల్ష్ ఆస్ట్రేలియా మనిషి. 2014 అక్టోబరు 2న ఇంచియాన్‌లో పాకిస్థాన్‌ను షూటౌట్‌లో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చాడు. రియో ఒలింపిక్స్‌కు అప్పుడే టికెట్ ఖాయమైంది. అర్హత టోర్నీల టెన్షన్ లేకుండా రెండేళ్లు నిశ్చింతగా జట్టును తయారుచేసుకునే అవకాశం అది. రెండు నెలలైనా తిరక్కుండానే జీతం చెల్లింపులు, పన్నులు, అధికారాల మీద గొడవలతో వాల్ష్ వెళ్లిపోయాడు. 2015 జనవరిలో నెదర్లాండ్స్ నుంచి వాన్ ఆస్ వచ్చాడు. జూలైలో యాంట్‌వర్ప్ టోర్నీలో మలేసియాపై మ్యాచ్ గెలిచాక మైదానంలోనే అప్పటి హాకీ ఇండియా అధ్యక్షుడు నరీందర్ బాత్రాతో ఆయనకు మాటామాటా పెరిగింది. నన్ను తీసేశారని ఆయన, శిబిరానికి ఆయనే రాలేదని సమాఖ్య. ఎవరి మాట ఎలా ఉన్నా ఆరు నెలల్లో కథ ముగిసింది. ఒలింపిక్స్‌కు ఏడాది ముందు ఓల్ట్‌మన్స్ ఆ బాధ్యత ఎత్తుకోవాల్సి వచ్చింది.

2008లో సాంకేతిక సలహాదారుగా వచ్చిన రిక్ చార్ల్స్‌వర్త్ కథ ఇంకా బాధపెడుతుంది. ఆస్ట్రేలియా మహిళలకు 1996లో, 2000లో ఒలింపిక్ స్వర్ణాలు అందించిన మహా కోచ్ ఆయన. జీతం అందడం లేదని, చేయడానికి పని కూడా ఇవ్వడం లేదని విసిగి కొన్ని నెలల్లోనే ఇంటికి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా పురుషుల జట్టు పగ్గాలు అందుకున్నాడు. 2010లో మన ఢిల్లీలోనే ప్రపంచకప్ గెలిచాడు. అదే ఏడాది అక్టోబరులో, అదే ఢిల్లీలో, కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో ఆయన జట్టు మనల్ని 8-0తో ఓడించింది. ఆ ఎనిమిది గోల్స్ చూసిన వాళ్లెవరూ ఆ రోజును మరచిపోలేరు. ఇంటికొచ్చిన గురువును గుమ్మంలోంచి పంపేశాం. పక్కింటివాళ్లు పిలిచి పీట వేశారు.

మనకంటే ఎంతో చిన్న దేశమైన బెల్జియంలో ఏం చేశారో చూడండి. న్యూజిలాండ్‌కు చెందిన షేన్ మెక్‌లియోడ్‌ను 2015లో తీసుకుని 2021 వరకు కదపలేదు. రియోలో రజతం, 2018లో భువనేశ్వర్‌లో ప్రపంచకప్, టోక్యోలో స్వర్ణం. ఆ ఒక్కడు అక్కడ ఉన్న కాలంలోనే ఇక్కడ ఓల్ట్‌మన్స్, మరీన్, హరేంద్ర, రీడ్ నలుగురూ ఆ కుర్చీ ఎక్కారు. టోక్యో సెమీఫైనల్లో మనల్ని 5-2తో ఓడించింది మెక్‌లియోడ్ జట్టే.

హాకీ కోచ్ పని పేపర్లో లైనప్ రాసిచ్చి పక్కన నిలబడటం కాదు. పెనాల్టీ కార్నర్‌లో బంతి తోసేవాడు, ఆపేవాడు, కొట్టేవాడు ఒకే ఊపిరిగా కదలాలంటే నెలలు పడుతుంది. ప్రత్యర్థి బంతితో బయల్దేరగానే పదిమందీ ఏ గీత దగ్గర అడ్డుకోవాలన్నది ఆలోచించి చేసే పని కాదు, అలవాటుగా రావాలి. పైగా మన జట్టులో పంజాబీ, ఒడియా, ముండారి, మణిపురి మాట్లాడే పిల్లలు కలిసి ఆడతారు. స్పెయిన్ నుంచో నెదర్లాండ్స్ నుంచో వచ్చిన కోచ్ మాట వాళ్లకు అర్థం కావడానికి, వాళ్ల మౌనం ఆయనకు అర్థం కావడానికి కాలం కావాలి. ఒక కోచ్ బంతిని చేతిలో ఉంచుకుని ఓపికగా ఆడమంటాడు. తర్వాత వచ్చినవాడు దూసుకెళ్లమంటాడు. మొక్క నాటి, వేళ్లు పట్టాయో లేదో అని రోజూ పీకి చూసే రైతు ఉండడు. మన హాకీలో అదే జరిగింది.

గ్రాహం రీడ్ విషయానికి వద్దాం, ఎందుకంటే మా వాదనకు రెండువైపులా సాక్ష్యం ఆయనే. 2019 జనవరిలో హరేంద్రను తప్పించారు. సొంతగడ్డపై ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-1తో ఓడటం ఆయన తప్పుగా కనిపించింది. తర్వాత మూడు నెలలు చీఫ్ కోచే లేడు. ఏప్రిల్‌లో రీడ్ వచ్చాడు. కరోనా వల్ల ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. ఆటగాళ్లు నెలల తరబడి బెంగళూరు శిబిరంలోనే ఉండిపోయారు. ఎవరూ కోరుకోని ఆ విరామమే కోచ్‌కు కాలాన్ని ఇచ్చింది. టోక్యోలో ఆస్ట్రేలియా చేతిలో 7-1తో చిత్తుగా ఓడిన జట్టు, పదకొండు రోజుల తర్వాత జర్మనీపై 5-4తో గెలిచి 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చింది. ఆ 7-1 రాత్రి తీర్పు చెప్పమంటే మనలో ఎంతమందిమి రీడ్‌ను ఉంచమని ఉండేవాళ్లం?

అలాంటి తీర్పే 2023 జనవరిలో వచ్చింది. ఒడిశా ప్రపంచకప్‌లో భారత్ గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. స్పెయిన్‌పై గెలిచింది, ఇంగ్లండ్‌తో డ్రా చేసుకుంది, వేల్స్‌పై గెలిచింది. గోల్స్ తేడాతో నేరుగా క్వార్టర్స్ దక్కలేదు. మిడ్‌ఫీల్డ్‌కు ప్రాణం లాంటి హార్దిక్ సింగ్ గాయంతో దూరమయ్యాడు. క్వార్టర్స్ చేరడానికి ఆడాల్సిన క్రాసోవర్ మ్యాచ్‌లో న్యూజిలాండ్‌పై 3-1 ఆధిక్యం చేజారి, షూటౌట్‌లో ఓడిపోయాం. బాధాకరమైన ఓటమే, దాన్ని వెనకేసుకురావడం లేదు. కానీ టోర్నీ ముగిసిన మర్నాడే రీడ్ రాజీనామా చేశాడు. ఏం తప్పు జరిగింది, ఎవరి వల్ల జరిగింది, షూటౌట్ ఒత్తిడిని తట్టుకునే మానసిక నిపుణుడు జట్టుకు ఎందుకు లేడు, ఇవేవీ తేలకముందే ఒక మనిషి వెళ్లిపోయాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్లయింది.

కోచ్‌లను మార్చడం వల్లే రీడ్ దొరికాడు కదా, ఫుల్టన్ దొరికాడు కదా అని కొందరు అంటారు. నిజమే, ఆ మాటలో న్యాయముంది. దక్షిణాఫ్రికాకు చెందిన క్రెయిగ్ ఫుల్టన్ 2023లో వచ్చి హాంగ్‌జౌలో ఆసియా క్రీడల స్వర్ణం, పారిస్‌లో మరో ఒలింపిక్ కాంస్యం, 2025లో రాజ్‌గిర్‌లో ఆసియా కప్ అందించాడు. అయితే ఆయన మెక్‌లియోడ్‌కు సహాయకుడిగా బెల్జియంలో పనిచేసి నేర్చుకుని వచ్చినవాడు. పతకాలు వచ్చింది కోచ్ మారినందుకు కాదు, వచ్చిన కోచ్ ఆ తర్వాత ఉన్నందుకు.

జీతం, జవాబుదారీ సంగతి చాలామందికి తెలియదు. విదేశీ కోచ్‌ను వెతికేది, సిఫార్సు చేసేది హాకీ ఇండియా. జీతం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వానికి చెందిన భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్). 2018 నుంచి జట్లకు స్పాన్సర్ ఒడిశా ప్రభుత్వం. అంటే కోచ్ సమాధానం చెప్పుకోవాల్సిన పెద్దలు చాలామంది, ఆయన తరఫున మాట్లాడేవారు ఎవరూ లేరు. వాల్ష్ నలిగింది ఈ సందులోనే. ఓడినప్పుడు మాత్రం ఆ పెద్దలందరి వేళ్లూ ఒకవైపే చూపిస్తాయి.

హాకీ ఇండియాకు ముందున్న పాత సమాఖ్య మరీ ఘోరం. కె.పి.ఎస్. గిల్ 1994 నుంచి 2008 వరకు 14 ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్నారు. 2008 మార్చిలో చిలీలోని శాంటియాగోలో అర్హత టోర్నీలో బ్రిటన్ చేతిలో ఓడి 1928 తర్వాత తొలిసారి ఒలింపిక్స్‌కు దూరమైన వెంటనే కోచ్ జోక్విమ్ కార్వాలో తప్పుకున్నాడు. గిల్ తప్పుకోలేదు. భారత ఒలింపిక్ సంఘం ఏకంగా సమాఖ్యనే సస్పెండ్ చేయాల్సి వచ్చింది. కోచ్‌ను ఎంపిక చేసినవారు, ఆ ఎంపిక తప్పని తేలినప్పుడు ఎందుకు బాధ్యులు కారు? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

మన దేశపు కోచ్‌ల పట్ల కూడా న్యాయం జరగలేదు. హరేంద్ర 2016లో లక్నోలో కుర్రాళ్లకు జూనియర్ ప్రపంచకప్ తెచ్చిపెట్టాడు. 2018 మేలో మహిళల జట్టులో ఉన్న ఆయనను పురుషులకు, పురుషుల జట్టులో ఉన్న మరీన్‌ను మహిళలకు అటూఇటూ మార్చారు. ఎనిమిది నెలలకే హరేంద్రకు ఉద్వాసన. ఆ ఎనిమిది నెలల్లో చాంపియన్స్ ట్రోఫీ రజతం, ఆసియా క్రీడల కాంస్యం వచ్చాయి. భారతీయ కోచ్‌ల జీతానికి నెలకు రెండు లక్షల రూపాయల పరిమితిని కేంద్రం తొలగించిందే 2020లో. విదేశీయుడు వస్తే తప్ప పని కాదనీ, మనవాడు మధ్యలో ఖాళీ పూడ్చడానికే పనికొస్తాడనీ అనుకున్నంతకాలం మంచి ఆటగాళ్లు కోచింగ్ వైపు రారు.

మహిళల జట్టు గురించి చెప్పకుండా ఉండలేం. రియోలో ఆఖరి స్థానం. ఐదేళ్ల తర్వాత టోక్యోలో నాలుగో స్థానం. ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి, గోల్‌కీపర్ ఇ. రజని ఆ బృందంతో టోక్యో వెళ్లొచ్చింది. కాంస్య పోరులో బ్రిటన్ చేతిలో 4-3తో ఓడినప్పుడు ఆ అమ్మాయిలు మైదానంలో కన్నీళ్లు పెట్టుకుంటే దేశమంతా వాళ్లతో పాటు ఏడ్చింది. టోక్యోతోనే మరీన్ సెలవు తీసుకున్నాడు. ఆయన దగ్గర సహాయకురాలిగా ఉన్న జన్నెకె షాప్‌మన్ పగ్గాలు అందుకుంది. 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో ఓడి పారిస్ అర్హత పోయింది. నెల తిరిగేసరికి, ఇక్కడ ఒక మహిళగా పనిచేయడం ఎంత కష్టమో, తన మాటకు విలువ ఎంత తక్కువో బహిరంగంగా చెప్పి ఆమె రాజీనామా చేసింది. హాకీ ఇండియా ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. తోసిపుచ్చడంతో సరిపెట్టకుండా విచారణ జరిపి ఉంటే బాగుండేది. మళ్లీ హరేంద్ర వచ్చాడు. మేటి జట్లు ఆడే అంతర్జాతీయ ప్రో లీగ్ నుంచి జట్టు కింది స్థాయికి జారింది. 2025 డిసెంబరు 1న ఆయన వ్యక్తిగత కారణాలతో తప్పుకున్నాడు. 2026 జనవరిలో మళ్లీ మరీన్‌ను తెచ్చారు. మంచి కోచే, స్వాగతిస్తున్నాం. కానీ నాలుగేళ్లకు పైగా తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాం. ఈ మధ్యలో ఆడే వయసు దాటిపోయిన అమ్మాయిలకు ఆ నాలుగేళ్లు ఎవరు తిరిగిస్తారు?

మేం అడుగుతున్నది పెద్దదేమీ కాదు. కోచ్ కాంట్రాక్టు ఒక ఒలింపిక్స్ నుంచి మరో ఒలింపిక్స్ వరకు ఉండాలి. ఏ టోర్నీలో ఏం ఆశిస్తున్నారో, మధ్యలో ఎప్పుడు సమీక్షిస్తారో, ఏ పరిస్థితిలో తొలగిస్తారో నియామకం రోజే రాసి, అందరికీ కనిపించేలా పెట్టాలి. సమీక్ష చేసే కమిటీలో పదవిలో ఉన్నవాళ్లు కాక మాజీ ఆటగాళ్లు, కోచ్‌లు ఉండాలి. జట్టులోని పిల్లల మాట కూడా భయం లేకుండా వినాలి. కోచ్ పనితో పాటు సమాఖ్య ఇచ్చిన వసతులను, సహాయక సిబ్బందిని కూడా ఆ కమిటీ తూకం వేయాలి. నివేదికను దాచకూడదు. ఇవన్నీ జరిగాక కూడా కోచ్‌ను మార్చాలని తేలితే మార్చండి, మేమే సమర్థిస్తాం.

2026 ఆగస్టులో బెల్జియం, నెదర్లాండ్స్‌లో ప్రపంచకప్. వెంటనే సెప్టెంబరులో జపాన్‌లో ఆసియా క్రీడలు. అక్కడ ఒక షూటౌట్ అటో ఇటో పోవచ్చు. పోయిన రాత్రి కోపంలో నిర్ణయం తీసుకోకుండా ఉండాలంటే నిబంధనలు ముందే ఉండాలి. బ్యాంకాక్ నుంచి పతకంతో వచ్చి కోచ్‌ను పోగొట్టుకున్న డిఫెండర్, ఏథెన్స్‌లో కొత్త కోచ్‌తో మైదానంలోకి దిగిన కెప్టెన్ ఇప్పుడు సంతకం పెట్టే చోట ఉన్నారు. దిలీప్ టిర్కీ గారూ, ఆ కాగితం ఆగస్టు కంటే ముందే బయటికి రావాలి.