ఎవరూ తొక్కని తివాచీని ఎవరికిచ్చి ఉతికించాలి?

నదీ జలాల వాటాల మీద ట్రిబ్యునళ్ళు ఉన్నాయి. రాష్ట్రాల అప్పుల మీద రోజూ సాయంత్రం టీవీలో నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారు. కానీ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో టీపాయ్ కింద పడి ఉన్న తివాచీని ఎవరికిచ్చి ఉతికించాలన్న ప్రశ్న మీద ఒక్క కమిటీ కూడా పడలేదు. ఈ లోటు పూడ్చే బాధ్యత ఎవరూ అప్పగించకపోయినా నేనే నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు సమస్య తీవ్రత అర్థం కావాలి. మనం చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చే మనుషులం. ఒక్కరోజు తడిగుడ్డ పెట్టకపోతే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేదేమోనని పక్కింటివాళ్ళు వాకబు చేస్తారు. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం వట్టి బండల మీద పడుకుంటే వచ్చే నిద్ర ఏ ఏసీ ఇవ్వదు. అలాంటి చల్లటి నేలని, నలభై డిగ్రీల ఎండ కాసే ఊళ్ళో, గొర్రె ఉన్నితో కప్పెడుతున్నాం. ఎందుకయ్యా అంటే ఇంటీరియర్ డిజైనర్ చెప్పాడు. "ఇది లేకపోతే స్పేస్ కంప్లీట్ అవదు సార్" అన్నాడు. ఇంటి అప్పే ముప్పై ఏళ్ళకి గానీ కంప్లీట్ అవదు కదా, స్పేస్ అయినా అవనిద్దాం అని కొనేశాం.

కొన్నాక దాని మీద ఎవరూ నడవకూడదు. పిల్లలు జ్యూస్ గ్లాసుతో అటు రాకూడదు. నాన్నగారు కాఫీ డైనింగ్ టేబుల్ దగ్గరే తాగి రావాలి. పనిచేసే అక్క చీపురు దాని చుట్టూ ప్రదక్షిణ చేసి వెళ్ళిపోతుంది. ఇంతా చేసి ఎవరూ తొక్కని ఆ వస్తువు ఏడాది తిరిగేసరికి మట్టి రంగుకొస్తుంది, ఎందుకంటే పక్క ప్లాటులో సెల్లార్ కోసం బండ కొడుతున్నారు, ఎదురుగా ఇంకోటి కూలుస్తున్నారు, ఆ రాతి పొడి అంతా మన బాల్కనీలోంచి వచ్చి మెత్తగా ఉన్నచోటు చూసుకుని సెటిల్ అవుతుంది. అయినా మనం ఉతికించం. వియ్యంకులు వస్తున్నారని తెలిసిన రోజే దాని మురికి మన కంటికి కనిపిస్తుంది, సరిగ్గా ఎల్లుండి వాళ్ళ బండి దిగుతుందనగా ఫోన్ తీసి కంపెనీలు వెతుకుతాం.

ఫోన్‌లో కనిపించే కంపెనీలన్నీ నంబర్ వన్ కంపెనీలే. రెండో స్థానంలో ఉన్న తివాచీ క్లీనింగ్ కంపెనీ ఈ నగరంలో ఉన్నట్టు ఆధారాలు లేవు. అందరిదీ విదేశీ టెక్నాలజీయే, అందరూ తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది శాతం క్రిములని చంపుతారు. మిగిలిన ఆ పాయింట్ ఒకటి శాతాన్ని ఏ మానవతా దృక్పథంతో వదిలేస్తున్నారో ఎవరూ అడగరు. రివ్యూలు చూస్తే అన్నీ ఐదు నక్షత్రాలే, "బాయ్స్ చాలా పొలైట్" అని. తివాచీ ఏమైందో ఒక్కరూ రాయరు. ఆ నక్షత్రాలు ఎలా పుడతాయో మనకి తెలుసు. పని అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఫైవ్ స్టార్ కొట్టండి, ఫోర్ ఇస్తే మాకు బుకింగ్స్ తగ్గుతాయి" అని ఆ కుర్రాడు అడిగితే, రోజంతా మిషన్ని బైకు మీద మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఎండలో తిరిగినవాడికి నాలుగిచ్చే రాతిగుండె ఎవరికుంటుంది? ఆ నక్షత్రాలు వాడి ఓపికకి పడ్డవి, కంపెనీ పనితనానికి కాదు.

ఇక డెమో. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మిషన్ పెట్టి తివాచీలో చేతివెడల్పు మేర లాగి, బకెట్లో నల్లటి నీళ్ళు మీ ముందు పెడతారు. ఇంటిల్లిపాదీ ఆ బకెట్ చుట్టూ చేరి మౌనం పాటిస్తారు. ఇన్నాళ్ళూ ఈ నరకం మీదా మనం కూర్చున్నది అని అమ్మ ముక్కు మూసుకుంటుంది. ఆ బకెట్ చూసినవాడు బేరం ఆడలేడు. కానీ ఒక్క మాట ఆలోచించండి. హైదరాబాద్‌లో దేన్ని తడిపి పిండినా నల్లటి నీళ్ళే వస్తాయి, కిటికీ కర్టెన్ పిండండి, వస్తాయి. ఆ బకెట్ మన మురికికి సాక్ష్యం, అంతే. తివాచీలో ఇంకా ఎంత మిగిలింది, వాళ్ళు పోసిన సబ్బు మొత్తం బయటికొచ్చిందా లేదా అన్నది బకెట్ చెప్పదు. సబ్బు లోపలే ఉండిపోతే ఆ జిగట కొత్త దుమ్మునంతా పట్టుకుంటుంది, నెల తిరక్కుండా మళ్ళీ అదే కంపెనీకి ఫోన్ చేస్తాం. దీన్నే వాళ్ళు కస్టమర్ లాయల్టీ అంటారు.

"స్టీమ్" అన్నది కూడా అలాంటిదే. చాలాచోట్ల స్టీమ్ క్లీనింగ్ పేరుతో చేసేది ఆవిరి పని కాదు. వేడినీళ్ళలో మందు కలిపి ప్రెషర్‌తో కొట్టి, వెంటనే వాక్యూమ్‌తో వెనక్కి లాగేస్తారు. తప్పేం లేదు, ఆఫీసుల్లో గోడనుంచి గోడదాకా అతికించిన సింథటిక్ కార్పెట్లకి అది బాగానే పనిచేస్తుంది. తంటా ఎక్కడంటే, హైటెక్ సిటీ ఆఫీసు కార్పెట్‌కి నిన్న రాత్రి వాడిన ఆ మందునే ఈరోజు పొద్దున మీ ఉన్ని తివాచీకి, మధ్యాహ్నం ఇంకొకరి సోఫాకి వాడతారు. ఫుల్ హోమ్ డీప్ క్లీనింగ్ ప్యాకేజీ అయితే మరీ విశేషం. బాత్రూమ్ టైల్స్ మీద యాసిడ్ పోసి తోమిన చేతులే తివాచీ దగ్గరికొస్తాయి. ఆ కుర్రాణ్ణి అనడానికేం లేదు, వాడికి ఎవరూ చెప్పలేదు. ఉన్నికి ఘాటైన క్షారం పడదు, బట్టల బ్లీచ్ పోస్తే ఉన్ని ఏకంగా కరిగిపోతుంది, మరకలు తినే ఎంజైమ్‌లున్న డిటర్జెంట్లు ఉన్నిని కూడా తినడం మొదలుపెడతాయి. ఇది కంపెనీకి తెలియాలి. తెలియకపోయినా నంబర్ వన్ అవ్వచ్చని ఋజువైంది కనుక అటు తొందరేం లేదు.

న్యాయంగా మాట్లాడుకుంటే, మన తివాచీ దేనితో చేశారో మనకైనా తెలుసా? కంపెనీ కాస్త చదువుకున్నదైతే ఫోన్లో మొదట అడిగేది అదే. "మెటీరియల్ ఏంటి మేడం?" అంటే, మేడం ఫోన్ పక్కకి పెట్టి సార్ని అడుగుతుంది, సార్ "కాస్ట్‌లీది అని చెప్పు" అంటాడు. అమ్మినవాడు పర్షియన్ అన్నాడు. బిల్లు మీద హ్యాండ్‌మేడ్ అని ఉంది. ఆ హ్యాండ్‌మేడ్ లోపల పెద్ద రాజకీయం ఉంది. ఒక్కో ముడీ వేళ్ళతో వేసి నెలల తరబడి మగ్గం మీద నేసింది చేతిపనే. గుడ్డ మీద గన్‌తో దారాలు గుచ్చుకుంటూ పోయి, వెనకాల లేటెక్స్ జిగురు పూసి, ఆ జిగురు కనపడకుండా ఇంకో గుడ్డ అతికించినదీ చేతిపనే, గన్ను పట్టుకున్నది చెయ్యే కదా. రెండో రకాన్ని నీళ్ళలో నానబెట్టి ఉతికితే ఆ జిగురు పొడిపొడిగా రాలుతుంది, అతికించిన గుడ్డ బొబ్బలెక్కుతుంది, ఆపైన కుక్క తడిసినట్టు వాసన.

తేడా కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తివాచీ తిరగేసి చూడండి. పైనున్న డిజైన్ వెనకాల కూడా ముడులతో స్పష్టంగా కనిపిస్తే, చివర కుచ్చులు నేతలోంచే వచ్చిన పడుగు దారాలైతే, అది ముడులు వేసిందే. వెనకాల దళసరి గుడ్డ అతికించి, కుచ్చులు విడిగా కుట్టేసి ఉంటే, పర్షియా అన్న మాట గౌరవంగా మరిచిపోండి.

ఇక ఏ పోగో తేల్చాలంటే అంచున ఒక్క దారం లాగి, తివాచీకి దూరంగా, సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడాలి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడి అయితే ఉన్నో, పట్టో. కరిగి గట్టి పూసలా మిగిలితే సింథటిక్. కాగితంలా భగ్గుమంటే నూలో, చెక్క గుజ్జుతో చేసే విస్కోసో. ఈ ప్రయోగానికి ప్రతి కుటుంబంలోనూ ఒక బాబాయి రెడీగా ఉంటాడు. ఒక్క దారం చాలు బాబాయ్ అని ముందే చెప్పాలి.

విస్కోస్ అయితే నా సానుభూతి. షోరూమ్‌లో దాన్ని ఆర్ట్ సిల్క్ అనో, బ్యాంబూ సిల్క్ అనో అంటారు. పట్టులా మెరుస్తుంది, పట్టు ధరకి దగ్గర్లోకి వెళ్తుంది. తడిస్తే బలం పోతుంది, ఆరాక గట్టిపడి, పసుపెక్కి, తోమినచోట మెరుపు చచ్చిపోతుంది. నీళ్ళు పడకూడని వస్తువుని నేల మీద పరుచుకునే ధైర్యం మధ్యతరగతికే ఉంది.

మనకి సొంత సరుకు లేదా అంటే, ఉంది. ఏలూరులో ఉన్ని తివాచీలు తరాలుగా నేస్తున్నారు. వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దర్రీ అంటే నూలు పడుగూ పేకా, పైన నూగు, అంటే లేచి నిలబడే మెత్తటి పోగులు, ఉండదు, రెండువైపులా వాడుకోవచ్చు, మన ఎండలకి హాయి. దాన్ని ఉతికించడానికి ఇచ్చి చూడండి. "సార్, పైల్ లిఫ్టింగ్ ప్యాకేజీ తీసుకోండి, నూగు మళ్ళీ లేచి నిలబడుతుంది" అంటారు. నూగే లేనిదానికి లేచి నిలబడేదేముంది? వేడినీళ్ళు కొట్టి నూలు దర్రీని ముడుచుకుపోయేలా చేసి, సోఫా కిందికి సరిపోయిన దాన్ని పూజగదికి సరిపోయేలా తీసుకొస్తారు.

మన అమ్మమ్మలకి ఈ టెన్షన్ లేదు. జంపఖానా డాబా మీదికి మోసుకెళ్ళి, పిట్టగోడ మీద వేసి, కర్రతో బాదేవాళ్ళు. కింద పోర్షన్ వాళ్ళు అరిచేవాళ్ళు. అది మొరటుతనం అనుకున్నాం గానీ మంచి క్లీనింగ్ కంపెనీలు నేటికీ మొదట చేసేది అదే పని, కాకపోతే మిషన్‌తో. పోగుల మొదట్లో పేరుకున్న ఇసుక పొడి మనం అడుగు వేసినప్పుడల్లా పోగుల్ని కోస్తూ ఉంటుంది, దాన్ని దులపకుండా నీళ్ళు పోస్తే లోపలే బురదవుతుంది. కనుక వచ్చీరాగానే బకెట్ ఎక్కడ సార్ అని అడిగినవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపించేయండి. వెనకవైపు నుంచి దులిపి, వాక్యూమ్ పెట్టి, ఆ తర్వాత ఓ మూల తెల్లటి తడిగుడ్డ అద్ది ఎర్రరంగు దిగుతోందా అని చూసినవాడికి మాత్రం కాఫీ ఇవ్వచ్చు.

మరకల విషయంలో ఒకటే పరీక్ష. పప్పుచారు పడిన చోటు చూపించి పోతుందా అని అడగండి. "వంద శాతం పోతుంది" అన్నాడంటే వాడికి పసుపు గురించి తెలియదు. పసుపు ఉన్నికి మరకలా అంటుకోదు, రంగులా పడుతుంది. పసుపుతో ఉన్నికి రంగులు అద్దుకున్న దేశం మనది. "తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు, మిగిలింది వెలుతురుకి మెల్లగా వెలుస్తుంది" అని మొహమాటం లేకుండా చెప్పేవాడు దొరికితే రేటు ఎక్కువైనా వదలొద్దు. అలాంటివాడి రివ్యూల్లో నక్షత్రాలు తక్కువగా ఉండే ప్రమాదం ఉంది, నిజం చెప్పేవాళ్ళ గతి ఎక్కడైనా అంతే.

ఆరబెట్టడం గురించి ఎవరూ అడగరు, అసలు అడగాల్సింది అదే. ఆగస్టు ముసురులో దళసరి ఉన్నిని హాల్లోనే తడిపి, ఫ్యాన్ ఐదులో పెట్టి "సాయంత్రానికి ఆరిపోతుంది మేడం" అని వెళ్ళిపోతారు. ఎల్లుండి వియ్యంకులు దిగేసరికి హాలంతా వానలో తడిసిన గొడుగుల వాసన. వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి అగరుబత్తి మెచ్చుకుంటారు. ముడుల తివాచీ అయితే వాళ్ళ షెడ్డుకి పట్టుకెళ్ళి ఉతికి, నీళ్ళు లాగేసి, పరిచి ఆరబెట్టి తేవాలి, దానికి రోజులు పడుతుంది. రెండు గంటల్లో ఇస్తానన్నవాడు ఉతికేది తివాచీ పైపొర మాత్రమే.

మధ్యలో చిన్న మాట. ఇంత శుభ్రత పట్టింపు ఉన్న మనం ఫంక్షన్ హాల్లో టెంట్ హౌస్ వాళ్ళ ఎర్ర తివాచీ మీద పట్టుచీరల కుచ్చిళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తాం. నిన్న సంగీత్‌కి, మొన్న పార్టీ మీటింగ్‌కి, అంతకుముందు గేదెల సంతలో సన్మానానికి పరిచింది అదే. మంత్రి అయినా, పెళ్ళికొడుకైనా దాని మీదే నడవాలి. దాన్ని ఎవరు ఉతుకుతారని ఏ ఎన్నికల్లోనూ ఎవరూ అడగలేదు.

రేటు చదరపు అడుగుల్లో చెప్తారు. ఐదడుగుల వెడల్పు, ఎనిమిది పొడుగు ఉన్న తివాచీ నలభై చదరపు అడుగులు అవ్వాలి. వాళ్ళ టేపులో నలభై నాలుగు అవుతుంది, కుచ్చులు కూడా కొలుస్తారు కనుక. కుచ్చులు చిరిగితే మాత్రం అవి తివాచీలో భాగం కావు, ఆ బాధ్యత కంపెనీది కాదు. మరక మందు వేరు, వాసన మందు వేరు, జీఎస్టీ వేరు. ప్రకటనలోని రేటు పక్కన "నుంచి" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, మన బిల్లు ఎప్పుడూ ఆ "నుంచి"కి అవతలే మొదలవుతుంది.

చివరిగా రసీదు. మీ తివాచీ వాళ్ళ బండి ఎక్కే ముందు రెండువైపులా ఫొటోలు తీసుకోండి, మూలల్లో ఉన్న పాత చిరుగులతో సహా. రసీదు మీద కొలతలు, మెటీరియల్, డిజైన్ రాయించండి, పాడైతే ఏమిస్తారో కూడా రాయించండి. వాళ్ళు మామూలుగా "కార్పెట్ – 1" అని రాసి చింపి ఇచ్చేస్తారు. ఒప్పుకోవద్దు. రంగు దగ్గర "ఎరుపు" అని పెద్ద అక్షరాల్లో ఉండాలి. తిరిగొచ్చినప్పుడు అది గులాబీ రంగులో ఉంటే, "ముందునుంచీ ఇంతే మేడం, ఇప్పుడు శుభ్రమై అసలు రంగు బయటపడింది" అని చెప్పడానికి వాళ్ళ దగ్గర కూడా మనిషి ఉంటాడు.