సవరణ: బల్క్ అవుట్‌లో ఖాళీ ప్యాకెట్ అన్ని డివైస్‌లకూ పనికిరాదు

లినక్స్ యూఎస్‌బీ డ్రైవర్‌లో బల్క్ అవుట్ (కంప్యూటర్ నుంచి డివైస్‌కు డేటాను పెద్ద మొత్తంలో పంపడం) ప్రతిదానికీ, అవసరమైతే చివర్లో ఖాళీ ప్యాకెట్ పంపమని చెప్పే యూఆర్‌బీ_జీరో_ప్యాకెట్ ఫ్లాగ్ పెట్టేయండి, నష్టం లేదని మొన్న రాశాను. అది తప్పు. కెర్నెల్‌లో యూఎస్‌బీ నెట్‌వర్క్ డివైస్‌లను నడిపే యూఎస్‌బీనెట్ కోడ్, పెన్ డ్రైవ్‌ల లాంటి వాటి మాస్ స్టోరేజ్ స్పెసిఫికేషన్ మళ్లీ చూశాక ఇది రాస్తున్నాను.

సమస్య మాత్రం నిజమే. హై స్పీడ్‌లో (యూఎస్‌బీ 2.0 వేగం) బల్క్ ప్యాకెట్ 512 బైట్లు. 1000 బైట్లు పంపితే 512, 488గా వెళ్తాయి. రెండోది పొట్టిది కాబట్టి డేటా అయిపోయిందని డివైస్‌కు తెలుస్తుంది. సరిగ్గా 1024 పంపితే రెండూ నిండు ప్యాకెట్లే, ఇంకా వస్తుందేమోనని డివైస్ కాచుకుని కూర్చోవచ్చు. సున్నా బైట్ల ప్యాకెట్ అక్కడే అవసరం.

కానీ పొడవు ముందే చెప్పే ప్రోటోకాల్‌కు అది అక్కర్లేదు. పెన్ డ్రైవ్‌కు డేటా తర్వాత ఖాళీ ప్యాకెట్ వెళ్తే, అది దాన్ని తర్వాతి కమాండ్ అనుకుని, కమాండ్‌కు ఉండాల్సిన 31 బైట్లు లేవు కాబట్టి స్టాల్ చేసే (తప్పని చెప్పి ఆపేసే) ప్రమాదం ఉంది. కొన్ని నెట్‌వర్క్ చిప్‌లకూ ఖాళీ ప్యాకెట్ పడదు. అందుకే డేటా నిండు ప్యాకెట్‌తో ముగిసినప్పుడు యూఎస్‌బీనెట్, ఫ్లాగ్_సెండ్_జెడ్‌ఎల్‌పీ (ఖాళీ ప్యాకెట్ కావాలని చెప్పే గుర్తు) లేని డివైస్‌లకు మామూలుగా ఒక బైట్ అదనంగా పంపుతుంది. మొరటు ఉపాయమే, కానీ పనిచేస్తుంది.

ఇంకొకటి: 512ను కోడ్‌లో రాసిపెట్టకండి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ బోర్డు ఫుల్ స్పీడ్‌ది (హై స్పీడ్ కన్నా నెమ్మది), దాని బల్క్ ప్యాకెట్ గరిష్ఠంగా 64 బైట్లే. ప్యాకెట్ సైజును డివైస్ తనే చెప్పే ఎండ్‌పాయింట్ డిస్క్రిప్టర్ నుంచే చదవండి. యూఆర్‌బీ_జీరో_ప్యాకెట్‌ను ఇన్ వైపు (డివైస్ నుంచి కంప్యూటర్‌కు) పెడితే కెర్నెల్ హెచ్చరిక ఇస్తుంది.