మనుషులు దొరకడం లేదా? తొలి బస్సు ఎన్నింటికో చూడండి

తిరుపతి జిల్లాలో మనుషులు దొరకడం లేదని పరిశ్రమల వాళ్లు అంటారు. ఉద్యోగాలు లేవని డిగ్రీ, డిప్లొమా చదివిన పిల్లలు అంటారు. రెండూ నిజమే. పని ఒకచోట, పనిచేసేవాళ్లు మరోచోట ఉన్నారు. ఆ మధ్య దారిని ఎవరూ పట్టించుకోవడం లేదు.

మన ప్రణాళికల్లో శ్రామికుల లెక్క జిల్లాలవారీగా ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న గీసిన జిల్లా గీతను చూసి ఎవరూ ఉద్యోగం వెతుక్కోరు. షిఫ్టుకు వేళకు చేరగలమా, బాగా పొద్దుపోకముందే ఇల్లు చేరగలమా అన్నదే వారికి ముఖ్యం.

తడ దగ్గరి పారిశ్రామికవాడ శ్రీసిటీనే తీసుకోండి. 2008లో మొదలై ఇసుజు కార్లు, ఆల్‌స్టామ్ మెట్రో బోగీలు, డైకిన్ ఏసీలు తయారయ్యే చోటుగా ఎదిగింది. చెన్నై నుంచి దూరం సుమారు 55 కిలోమీటర్లు. చెన్నై లోకల్ రైళ్లు తడ మీదుగా సూళ్లూరుపేట దాకా వస్తాయి. తిరుపతి నుంచి తడకు రైల్లో రావాలంటే మాత్రం గూడూరు చుట్టి రావాలి. ఇక మిగిలింది శ్రీకాళహస్తి మీదుగా రోడ్డే. అంటే జిల్లా కేంద్రం పక్కనే ఉన్న చంద్రగిరి కుర్రాడికన్నా తమిళనాడులోని గుమ్మిడిపూండి కుర్రాడికే శ్రీసిటీ దగ్గర. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంటూ 2019లో తెచ్చిన చట్టం మన రాష్ట్రవాసులందరినీ స్థానికులుగానే లెక్కగట్టింది. దాని ప్రకారం శ్రీకాకుళం యువకుడు శ్రీసిటీకి స్థానికుడు, సరిహద్దుకు అవతలి ఆరంబాకం యువకుడు కాడు. చట్టం ఉద్దేశం మంచిదే. కానీ హక్కు ఇచ్చినంత మాత్రాన దూరం తగ్గదు కదా.

అసలు చిక్కు ఆడపిల్లల దగ్గర వస్తుంది. ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లైన్లు ఎక్కువగా వారి మీదే నడుస్తాయి. కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది, ఊరేమో రెండు మూడు కిలోమీటర్లు లోపల. ఆరు గంటల షిఫ్టంటే నాలుగున్నరకే రోడ్డు మీద నిలబడాలి. నాన్నో అన్నో బండి మీద దింపాలి. ఆయన పొలానికో పొరుగూరికో వెళ్లిన రోజు ఆ అమ్మాయి పనికి పోలేదు. రిజిస్టరులో దానికి గైర్హాజరు అని పడుతుంది. అలా నాలుగుసార్లు జరిగితే ఇంట్లోనే మానేయమంటారు. ఇక్కడి పిల్లలు నిలకడగా పనిచేయరన్న మాట అలా పుడుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఎంతో మేలు చేసే పథకం అది. అయితే ఊరికి తొలి బస్సు ఏడింటికి వస్తే ఉచిత టికెట్ ఆరింటి షిఫ్టుకు అక్కరకు రాదు. అదే ఏడాది రాష్ట్ర మంత్రివర్గం రోజు పనివేళల పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి, షరతులతో మహిళలను రాత్రి షిఫ్టుల్లోకి అనుమతించడానికి ఆమోదం తెలిపింది. పది గంటల పనికి రానుపోను నాలుగు గంటల ప్రయాణం కలిస్తే తిండికీ నిద్రకూ మిగిలేది పదే గంటలు.

దారి ఉంటే మనవాళ్లు ఎంత దూరమైనా వెళ్తారు. కుప్పం నుంచి రోజూ రైలెక్కి వంద కిలోమీటర్ల అవతలి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరేవాళ్లున్నారు. చిత్తూరు వాళ్లకు వేలూరు అందుబాటులో ఉంది. అందుకే చిత్తూరు జిల్లా పడమటి మండలాల నిరుద్యోగులను శ్రీసిటీ, రేణిగుంట పరిశ్రమలకు అందుబాటులో ఉన్న బలగంగా చూపడం కాగితం మీది మాటే.

దూరం నుంచి వచ్చేవారికి కావలసింది వసతి. తమిళనాడు ప్రభుత్వం 2024 ఆగస్టులో శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో 18,720 మంది మహిళా కార్మికులు ఉండేలా హాస్టల్ సముదాయాన్ని ప్రారంభించింది. వరదయ్యపాళెం, సత్యవేడు, ఏర్పేడు పరిసరాల్లో అలాంటిది కట్టడానికి మన ప్రభుత్వం పూనుకోవాలి. ఈలోగా ఆర్టీసీ, కంపెనీలు కలిసి కూర్చుని షిఫ్టు వేళలకు తగ్గట్టు ఊళ్లలోకి బస్సులు తిప్పవచ్చు. జాబ్ మేళాలో జీతంతో పాటు షిఫ్టు వేళ, బస్సు ఆగే చోటు, వసతి ఖర్చు కూడా రాసి ఇవ్వాలి. ఉద్యోగంలో చేరాలా వద్దా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకునేది వాటిని చూసే.