‘అయిపోయినట్టే’ అనే కాలమ్ ఏ బోర్డులోనూ లేదు

సోమవారం పొద్దున పదిన్నర. బెంగళూరు బెళ్లందూరులో ఏదో టెక్ పార్కు, ఆరో అంతస్తులో స్టాండప్, అంటే ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో టీమంతా చెప్పుకునే చిన్న మీటింగ్, నడుస్తుంటుంది. ఊరి నుంచి రాత్రి బస్సెక్కిన ఇద్దరు హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఇరుక్కుని ఫోన్లోనే కాల్‌లో కలుస్తారు. స్క్రీన్ మీద జిరా బోర్డు: ఒక్కో పనికి ‘టికెట్’ అనే ఒక్కో కార్డు, అది ఏ దశలో ఉందో చూపే గడులు. ‘ఆ రీఫండ్ టికెట్ ఎక్కడిదాకా వచ్చింది?’ అని లీడ్ అడుగుతాడు. ‘అయిపోయినట్టే అన్నా’ అని జవాబు. టికెట్ ‘ఇన్ ప్రోగ్రెస్’ (నడుస్తోంది) గడిలో ఉంది. పోయిన గురువారమూ అక్కడే ఉంది.

తెలుగులో ‘అయిపోయినట్టే’కి అర్థాలు చాలా. కోడ్ రాశాను గానీ రివ్యూకి, అంటే ఇంకొకరు చూసి సరే అనడానికి, పెట్టలేదు. పెట్టాను గానీ చూడాల్సినాయన సెలవులో ఉన్నారు. రివ్యూ అయింది, టెస్ట్ సర్వర్ పడిపోయింది. టెస్టింగ్ కూడా అయింది, క్లయింటు ఒక్క మాట చెబితే చాలు. నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు, మందు వేయాల్సినవాళ్లు కూడా వేర్వేరు. బోర్డులో మాత్రం అన్నింటికీ ఒకటే గడి. టూల్ మారిస్తే బాగుపడుతుందని జిరా నుంచి అసానాకు, అక్కణ్నుంచి జోహో ప్రాజెక్ట్స్‌కు మారే టీములున్నాయి. గడులు అవే అయినప్పుడు మిగిలేది సామాను మోసిన శ్రమే. ఎవరు తీరిక లేకుండా ఉన్నారో చూపడానికే ఈ బోర్డులను కట్టుకుంటున్నాం. పని ఎక్కడ ఆగి ఉందో చూపమంటే వాటికి చేతకాదు.

ఈ కార్డుల బోర్డులు కాన్‌బాన్ అనే ఫ్యాక్టరీ పద్ధతి నుంచి వచ్చాయి. కాన్‌బాన్ అంటే జపాన్ భాషలో సైన్‌బోర్డు. టయోటాలో తైచీ ఓనో రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఏళ్లలో ఆ పద్ధతిని తీర్చిదిద్దాడు. అమెరికా సూపర్ మార్కెట్లలో షెల్ఫు ఖాళీ అయితేనే సరుకు నింపడం ఆయనకు దారి చూపింది. తర్వాతి దశ స్టేషన్ నుంచి కార్డు వస్తేనే దానికి ముందు దశ స్టేషన్‌లో పార్టు తయారు కావాలి. రాకపోతే చేతులు కట్టుకు నిలబడాలి. అంటే, అక్కర్లేని పని మొదలుకాకుండా ఆపడమే ఆ కార్డు ఉద్యోగం. మైసూరు రోడ్డులో బిడది దగ్గర టయోటా ఫ్యాక్టరీ మనకు కూతవేటు దూరంలోనే ఉంది. అయినా సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వచ్చేసరికి కార్డు మిగిలింది, ఆపడం మాయమైంది.

ఆపకపోతే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద గణితం అక్కర్లేదు. తిరుమలలో ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో వినగానే దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో మనవాళ్లు ఠక్కున చెప్పేస్తారు. అదే లెక్కను 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ గణితబద్ధంగా నిరూపించాడు: లోపల ఉన్నవాళ్ల సంఖ్యను బయటికి వెళ్లే వేగంతో భాగిస్తే సగటు నిరీక్షణ వస్తుంది. ఎనిమిది మంది టీములో 24 టికెట్లు నడుస్తున్నాయి, వారానికి సగటున 6 పూర్తవుతున్నాయి అనుకుందాం. ఒక్కో టికెట్‌కు నాలుగు వారాలు. నడిచేవి 12కు తగ్గించి, పూర్తయ్యే వేగం అంతే నిలబెట్టుకుంటే రెండు వారాలు. ఎవరూ ఒక్క గంట ఎక్కువ కూర్చోలేదు. ఇది సగటుల లెక్క, వచ్చే పనీ పోయే పనీ దాదాపు సమానంగా ఉన్నప్పుడే నిలుస్తుంది. వచ్చేదే ఎక్కువైతే లెక్క సరిచేయాల్సింది బోర్డులో కాదు, సేల్స్ వాళ్లతో.

కాబట్టి ముందు చేయాల్సింది ‘ఇన్ ప్రోగ్రెస్’ను చీల్చడం. చేస్తున్నాం, రివ్యూ కోసం ఆగింది, రివ్యూలో ఉంది, టెస్టింగ్ కోసం ఆగింది, టెస్టింగ్‌లో ఉంది, క్లయింటు జవాబు కోసం ఆగింది. ‘ఆగింది’ అనే గడులే ఇందులో ప్రాణం. తర్వాత పరిమితులు: ఎనిమిది మందికి ‘చేస్తున్నాం’లో 6, ‘రివ్యూ కోసం ఆగింది’లో 3 పెట్టి చూడండి. ఇద్దరు ఖాళీగా కనబడతారు, మేనేజర్‌కు ప్రాణం కొట్టుకుంటుంది. ఆ ఇద్దరి పని కొత్త టికెట్ ఎత్తుకోవడం కాదు, ఆగిన రివ్యూలు చూడటం. జిరాలో కాలమ్‌కు గరిష్ఠ సంఖ్య పెట్టవచ్చు గానీ, దాటితే ఆ గడి ఎర్రబడుతుందే తప్ప కార్డును అడ్డుకోదు. ట్రెల్లో అనే ఇంకో టూల్‌లో దానికి విడిగా పవర్-అప్ (అదనంగా తగిలించుకునే సౌకర్యం) పెట్టుకోవాలి. రెండు చోట్లా అడ్డుకోవాల్సింది మనుషులే. జిరా కార్డు మీద ‘డేస్ ఇన్ కాలమ్’ చుక్కలు చూపించే సెట్టింగ్ కూడా ఉంది. ఒక గడిలో ఎన్ని రోజులు కూర్చుందో ఆ చుక్కలే చెబుతాయి. స్టాండప్‌లో ‘నిన్న నువ్వేం చేశావ్’ అని మనిషిని అడగడం మాని, కుడివైపు గడి నుంచి ఎడమకు వస్తూ ‘ఈ కార్డు ఎందుకు కదల్లేదు’ అని అడిగితే పావుగంట చాలు.

క్లయింటు జవాబు దగ్గర ఆగే పనికి వేరే రోగం ఉంటుంది. బెంగళూరులో పొద్దున 11 అంటే, వేసవిలో కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి పదిన్నర. ‘రీఫండ్ విషయంలో స్పష్టత కావాలి’ అని రాస్తే, అవతలివాళ్లు పొద్దున లేచి ‘దేని గురించి?’ అని అడుగుతారు. అప్పటికి ఇక్కడ రాత్రి పది. ఒక రోజు పోయింది. అదే ప్రశ్నను ఇలా రాయవచ్చు: ‘100 డాలర్ల ఆర్డర్‌లో 40 డాలర్ల వస్తువు వెనక్కి వచ్చింది. 10 డాలర్ల షిప్పింగ్ చార్జీలో 4 తిరిగివ్వాలా, ఏమీ ఇవ్వకూడదా? జవాబు వచ్చేదాకా ఇవ్వకుండానే కడుతున్నాం.’ లెక్క ఉంది, దారులున్నాయి, జవాబు రాకపోయినా పని ఆగదు.

మన వాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. టీములో ఐదుగురు తెలుగువాళ్లుంటే అసలు నిర్ణయాలన్నీ టీ బండి దగ్గర తెలుగులో అయిపోతాయి. టెస్టింగ్ చూసే కన్నడ అమ్మాయికో, బెంగాలీ అబ్బాయికో టికెట్‌లో ఉన్న పాత ఇంగ్లిష్ వాక్యమే దిక్కు. దాని ప్రకారం పరీక్షించి బగ్ రాస్తారు. ‘అది మార్చేశాం కదా’ అని వీళ్లు. ఎక్కడ మార్చారు? గాజు గ్లాసు చేతిలో ఉన్నప్పుడు. తెలుగులో మాట్లాడుకోవడంలో తప్పేమీ లేదు. సీటుకు రాగానే ఏం అనుకున్నామో, ఎందుకో రెండు ముక్కలు టికెట్‌లో కామెంట్‌గా పెట్టాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టింది లెక్కలోకి రాదు. మూడు నెలల తర్వాత చేరినవాడికి అది కనబడదు.

ఒకరు చెప్పింది ఇంకొకరికి వేరేగా చేరడం ఎంత దూరం పోతుందో ఈ సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లకే అనుభవమైంది. 2022 ఏప్రిల్ 5న జిరా యజమాని అట్లాసియన్‌లో ఒక పాత యాప్‌ను తొలగించే పని జరిగింది. అడిగిన బృందం ఇవ్వాల్సింది యాప్ ఐడీలు, ఇచ్చింది ఆ యాప్ ఉన్న కస్టమర్ సైట్ల ఐడీలు. రెండు రకాలనూ ఒప్పుకునే ఏపీఐ (ఆదేశాన్ని అందుకుని పని చేసే ప్రోగ్రాం) మారు మాట అడగకుండా సైట్లనే తుడిచేసింది. దాదాపు 775 మంది కస్టమర్లకు సేవలు ఆగిపోయాయి, కొందరికైతే 14 రోజుల దాకా. రెండు బృందాల మధ్య సమాచార లోపం ఒక కారణమని కంపెనీయే తన నివేదికలో రాసుకుంది. పని అప్పగింతలో తీసుకున్నవాళ్లు ‘నాకు అర్థమైంది ఇదీ’ అని తమ మాటల్లో ఒక వాక్యం రాయాలనడం ఇందుకే. నెలకోసారి టికెట్లను ఎక్స్‌పోర్ట్ చేసి వేరేచోట దాచుకోవడమూ మంచిదే.

చేయకూడనివి రెండు చెప్పుకోవాలి. టికెట్‌లో తప్పనిసరి ఫీల్డులు పెంచుకుంటూ పోవద్దు. పద్నాలుగు పెడితే పదింటిలో ఒక చుక్కో, ‘ఎన్ఏ’ అనో కొట్టి ముందుకు పోతారు, ఆ చుక్కల మీదే మళ్లీ రిపోర్టులు తయారవుతాయి. స్టోరీ పాయింట్లను, అంటే పని ఎంత పెద్దదో టీమే వేసుకునే అంచనా అంకెలను, అప్రైజల్‌కు ముడిపెట్టొద్దు. ముడిపెట్టిన త్రైమాసికానికల్లా నిన్నటి 3 పాయింట్ల పని 5 అవుతుంది, వేగం పెరిగిందని స్లైడులో గీత పైకి లేస్తుంది, డెలివరీ తేదీ మాత్రం అక్కడే ఉంటుంది.

ఇక బ్యాక్‌లాగ్, అంటే ఇంకా మొదలుపెట్టని టికెట్ల కుప్ప. ఆరేడు వందల టికెట్లు పేరుకున్న చోట ప్లానింగ్ మీటింగ్ సగం పాతవాటిని మళ్లీ మళ్లీ చదవడానికే సరిపోతుంది. ఆరు నెలలుగా ఎవరూ ముట్టుకోనివాటిని ఫిల్టర్ చేసి, ‘చేయడం లేదు’ అనే కారణంతో శుక్రవారం సాయంత్రం ఒక్కసారిగా మూసేయండి. డిలీట్ చేయొద్దు, వెతికితే దొరకాలి. మూసేముందు, చాలా టికెట్లను ఒకేసారి మార్చే బల్క్ చేంజ్ తెరలో మెయిల్ పంపే టిక్‌ను తీసేయడం మరవొద్దు. తీయకపోతే ఆ సాయంత్రం ఆఫీసంతా ఇన్‌బాక్సులు నిండిపోతాయి. ‘నా టికెట్ ఎందుకు మూశారు’ అని ముందుగా మెయిల్ కొట్టేది రెండేళ్ల కిందట దాన్ని రాసి మళ్లీ ఆ దిక్కు చూడనాయనే.