గల్ఫ్ ఎండలో మన కూలీలకు దక్కని ఆచారం

వేసవిలో దుబాయ్, రియాద్ పాత బజార్లలో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చూస్తే చాలా దుకాణాలకు షట్టర్లు దించి ఉంటాయి. మళ్లీ తెరిచేది నాలుగు తర్వాతే. పిల్లాపాపలతో కుటుంబాలు బయటికొచ్చేది రాత్రి పొద్దుపోయాక. ఒంటినిండా వదులైన బట్ట, తలకు గుడ్డ, మిట్టమధ్యాహ్నం నీడపట్టున కునుకు. ఏసీలు లేని రోజుల నుంచీ ఎడారి జనం ఎండను తట్టుకుంటున్న తీరు ఇది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లేవాళ్లకు ‘అక్కడి పద్ధతి ప్రకారం నడుచుకో’ అని ఏజెంటు నుంచి ఇంటి పెద్దల దాకా అందరూ చెప్పి పంపుతారు. అన్నిటికన్నా ముఖ్యమైన ఈ పద్ధతిని పాటించే వీలు మాత్రం భవన నిర్మాణంలో ఉన్న కూలీకి లేదు. అది కంపెనీ దయ మీద ఉంది.

చట్టాలు లేవని కాదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. సౌదీలోనూ అవే తేదీలు, 12 నుంచి 3 దాకా. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు 11 నుంచి 4 దాకా. ఖతార్ 2021లో విరామ వేళలు పెంచడంతో ఆగలేదు. ఎండ, తేమ, గాలి కలిపి లెక్కగట్టే వెట్ బల్బ్ గ్లోబ్ సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలని నిబంధన పెట్టింది. నా దృష్టిలో అసలైన నిబంధన ఇదే. గల్ఫ్ తీరంలో మనిషిని పడగొట్టేది ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత కూడా. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పొద్దు పొడవకముందే చొక్కా తడిసి ముద్దయ్యే రోజులుంటాయి ఆగస్టులో. గడియారం చూసి ఇచ్చే విరామం ఆ ఉక్కను లెక్కలోకి తీసుకోదు.

కొత్తవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. ఆ వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. కొత్త కార్మికుడిని మొదటి రోజు ఐదో వంతు సమయమే వేడిలో ఉంచాలని, ఆపై రోజుకు కొంత చొప్పున పెంచాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన. వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టి, విమానం దిగిన వారానికే సైటెక్కినవాడు ఆ మాట ఫోర్‌మన్‌తో అనగలడా?

ఇక నీళ్ల సంగతి. ఎండలో కష్టపడేటప్పుడు పదిహేను, ఇరవై నిమిషాలకోసారి గ్లాసెడు తాగాలి. మరుగుదొడ్డి ఎక్కడో దూరాన ఉంటే, మాటిమాటికీ వెళ్తే ఫోర్‌మన్ కసురుకుంటాడని తెలిస్తే, మనిషి తాగడమే తగ్గిస్తాడు. రాత్రి క్యాంపుకొచ్చాక ఒళ్లంతా నొప్పులు. పక్క బెడ్డువాడి దగ్గర ఓ డైక్లోఫెనాక్ గోలీ తీసుకుంటాడు. నీరింకిన ఒంట్లో ఆ గోలీ నేరుగా కిడ్నీలకే చేటు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన నేపాలీ యువకులు డయాలసిస్ మంచమెక్కడం ఆ దేశంలో పెద్ద ఆందోళన. ఖతార్‌లో నేపాలీ కార్మికుల గుండె మరణాలకూ ఎండ తీవ్రతకూ ఉన్న ముడిని 2019లో ఒక అధ్యయనం బయటపెట్టింది. మన దగ్గర వెళ్లేటప్పుడు మెడికల్‌లో ఫిట్ కాకపోతే వీసా రాదు. వచ్చేటప్పుడు మాత్రం ఏ పరీక్షా ఉండదు. వలస ఎక్కువున్న మండలాల పీహెచ్‌సీల్లో తిరిగొచ్చిన ప్రతివాళ్లకూ బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తే అయ్యే ఖర్చెంత?

కూలీ చేతిలో ఉన్న జాగ్రత్తలూ లేకపోలేదు. అమ్మ ప్రేమతో కట్టిచ్చిన కోడికూర మసాలాలో గసగసాలుంటాయి. యూఏఈ, సౌదీల్లో అవి నిషేధం, పట్టుబడితే జైలు. కోడీన్ దగ్గు మందు, ట్రమడాల్ నొప్పి గోలీలు అనుమతి లేకుండా యూఏఈకి పట్టుకెళ్లినా కేసే. యూఏఈ చట్టం ప్రకారం రంజాన్ నెలలో రోజుకు రెండు గంటల పని తగ్గించాలి, అదీ మతంతో నిమిత్తం లేకుండా. ఇది తెలియక ఆ రెండు గంటలూ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. ఉపవాసం ఉన్నవాళ్ల ఎదుట తినకపోవడం, తాగకపోవడం మర్యాద, తప్పక పాటించాలి. అలాగని దాహం చంపుకోనక్కర్లేదు. చాటుగా నీళ్లు తాగే చోటు చూపించడం కంపెనీ పని.

విదేశాలకు పనికెళ్లేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షలొస్తాయి. కానీ అది ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో మాత్రమే. వడదెబ్బకు కూలినవాడి సర్టిఫికెట్‌లో ‘గుండె ఆగి సహజ మరణం’ అని రాస్తే ఇంటికి ఆ సొమ్ము రాదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి గల్ఫ్ మృతుల కుటుంబాలకు ఇస్తున్న 5 లక్షలు అవసరమైన ఆసరాయే. దాంతోపాటు ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో పదేళ్లు ఆ ఎండలో పనిచేసి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాలి. వడదెబ్బ మరణాన్ని బీమాలో ప్రమాదంగా లెక్కించాలి. గల్ఫ్ దేశాలతో కార్మిక ఒప్పందాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఆ 32.1 డిగ్రీల నిబంధనను మిగతా దేశాలూ పెట్టాలని ఢిల్లీ అడగాలి. అలా అడిగేలా ఒత్తిడి తేవాల్సింది మన రెండు రాష్ట్రాల ఎంపీలు.