ఎడమ మలుపు శాస్త్రం: తొలి రేసు కారు కొనబోయేవారికి హితబోధ

అమెరికాలో ఇల్లు కొని, గడ్డి కోసే మిషన్ కొని, పిల్లల్ని ఈతకూ కూచిపూడికీ చేర్పించాక కూడా బ్యాంకులో నాలుగు డాలర్లు మిగిలిపోతున్న మనిషి బాధను ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. షార్లెట్ చుట్టుపక్కల కాపురముంటున్న మనవాళ్ళకు ఈ బాధ మరీ ఎక్కువ. కాంకర్డ్, మూర్స్‌విల్ ఊళ్ళ నిండా నాస్కార్ (అమెరికాలో కారు పందేలు నడిపే సంస్థ) జట్ల షెడ్లే. వాటి ముందునుంచి రోజూ ఆఫీసుకు వెళ్ళే మనిషికి ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి పుట్టక మానదు. మిగులు సొమ్ము వదిలించుకోవడానికి, సెకండ్ హ్యాండ్ స్టాక్ కారు (మామూలు కారు రూపంలోనే ఉండే రేసు కారు) కొని శనివారం రాత్రుళ్ళు పావు మైలు కోడిగుడ్డు ఆకారపు ట్రాక్ మీద ఎడమకు తిరగడం కన్నా నమ్మకమైన మార్గం లేదు. అయితే చెడిపోవడానికైనా ఒక పద్ధతుండాలి.

పద్ధతిలో మొదటి మెట్టు కారు కాదు, రూల్‌బుక్. ఈ ఆటలో నియమాల మహిమ మొదటి రోజే రుజువైంది. 1949 జూన్ 19న షార్లెట్‌లో నాస్కార్ తొలి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ రేసు జరిగింది. గ్లెన్ డనవే 1947 ఫోర్డులో అందరికన్నా ముందొచ్చాడు. తనిఖీలో వెనక స్ప్రింగులకు మార్పులు చేసినట్టు తేలింది. డిక్కీ నిండా సారా పెట్టినా కారు కుంగకుండా దొంగసారావాళ్ళు చేసుకునే ఏర్పాటు అది. గెలుపు జిమ్ రోపర్‌కు పోయింది. కారు యజమాని కోర్టుకెక్కి అక్కడా ఓడిపోయాడు. అంటే ఈ క్రీడలో మోసం ఎంత పాతదో, దాన్ని పట్టుకునేవాడూ అంతే పాతవాడు.

కాబట్టి ముందు ట్రాక్ ఎంచుకోవాలి, తర్వాత తరగతి (ఒకే రకం కార్లు పోటీపడే విభాగం), ఆఖర్న కారు. మనవాళ్ళు ఈ వరసను తిరగేసి, ముందు కారు కొని దానికి తగిన ట్రాక్ కోసం నాలుగు రాష్ట్రాలు వెతుకుతారు. ఒక ట్రాక్‌లో చెల్లిన కారు నలభై మైళ్ళ అవతల చెల్లకపోవచ్చు. అక్కడ టైరు కంపెనీ వేరు, కార్బ్యురేటర్ వేరు, కనీస బరువు వేరు, ఎడమవైపు ఉండదగిన బరువు శాతం వేరు. ఒక శనివారం పిట్ (కార్లను సిద్ధం చేసే చోటు) పాస్ కొనుక్కుని లోపల తిరగండి. మీ తరగతిలో ఏ కారు ఎక్కువుందో చూడండి. అదే కొనాలి. ప్రత్యేకంగా కనిపించాలని వేరే కారు కొన్నవాడికి, రేసుకు అరగంట ముందు స్పిండిల్ (ముందు చక్రం బిగించే ఇరుసు) విరిగితే అప్పిచ్చే నాథుడుండడు.

వీధుల్లో తిరిగిన పాత కార్లను రేసుకు మార్చి నడిపే ‘వీధి స్టాక్’ తరగతుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది 1978 నుంచి 1988 దాకా వచ్చిన జనరల్ మోటార్స్ (జీఎం) జీ-బాడీ. మాంటీ కార్లో, మాలిబు, రీగల్, కట్లాస్ అన్నీ ఈ కుటుంబమే. ముందు, వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్) 108 అంగుళాలు. రేసు జనం ఈ ఫ్రేమును, అంటే కారు అడుగు చట్రాన్ని, ‘మెట్రిక్’ అంటారు. దీనికి పుట్టుకతో వచ్చిన జబ్బొకటుంది: ఏడున్నర అంగుళాల వెనక యాక్సిల్. షాఫ్టును లోపల పట్టుకునేది సీ-క్లిప్ కాబట్టి, షాఫ్టు విరిగితే చక్రం కూడా దాంతోపాటే సెలవు తీసుకుంటుంది. నియమాలు ఒప్పుకునే చోట ఫోర్డు 9 అంగుళాల యాక్సిల్ బిగించిన కారు దొరికితే, దానికి నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టినా తప్పులేదు. ఇంత బరువెందుకనుకునేవారికి నాలుగు సిలిండర్ల ఫ్రంట్‌వీల్ డ్రైవ్ తరగతి ఉంది. అందులో డబ్బు కాస్త నెమ్మదిగా పోతుంది. మొదటి ఏడాదే ఖరీదైన పై తరగతి లేట్ మోడల్ కొంటాననే వారితో ఈ శాస్త్రానికి పని లేదు.

ఇక అమ్మకం ప్రకటనలు. వీటిని చదవడం నేర్చుకోవాలి. “రేసుకు సిద్ధం” అంటే నాలుగు చక్రాలూ ఉన్నాయని. “ఇంజను మీద పది ల్యాపులే” అంటే పదకొండో ల్యాపులో ఏదో జరిగిందని. “కుటుంబ కారణాల వల్ల” అంటే ఇంట్లో ఆవిడ బిల్లులు చూసిందని. మూడింటిలో నిజాయితీ గలది మూడోదే. బేరానికి వెళ్ళేది కూడా ఆ ఇంటికే.

సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, కొమ్ముల రంగు చూడడు. మనవాడు మాత్రం కారు దగ్గరికెళ్ళగానే పెయింటు చూస్తాడు, తలుపు మీది అంకె తన లక్కీ నంబరో కాదో కూడుకుంటాడు, ఇంజను స్టార్ట్ చేయించి ఆ చప్పుడుకు కళ్ళు మూసుకుంటాడు. అమ్మేవాడికి కావలసిందీ అదే. చూడవలసింది ఫ్రేము. ఎడమకు మాత్రమే తిరిగే కారు గోడను ఎప్పుడూ కుడి భుజంతోనే పలకరిస్తుంది. అందుకే కుడి ముందుభాగం దగ్గర కూర్చుని మొదలుపెట్టండి. ఫైర్‌వాల్ (ఇంజనుకూ డ్రైవరుకూ మధ్య రేకు) ముందు ఫ్రేము రైలు (చట్రపు పొడుగు దూలం) మీద ముడతలున్నాయా, అక్కడొక్కచోటే కొత్త నల్లరంగు మెరుస్తోందా చూడండి. తర్వాత మేస్త్రీలు వాడే దారం గుండు తీసుకుని, ఫ్రేముకు రెండువైపులా ఒకేచోట ఉండే రంధ్రాల నుంచి సిమెంటు నేల మీదికి వదిలి, సుద్దముక్కతో గుర్తులు పెట్టి, కారును పక్కకు తోయించి, మూలకు మూల టేపు పెట్టండి. రెండు కొలతలకూ పావు అంగుళం తేడా దాటితే ఆ ఫ్రేము వంకర పోయినట్టే. నేల మీద పాకుతున్న మిమ్మల్ని చూసి అమ్మేవాడు నవ్వితే నవ్వనివ్వండి. నవ్వు ఆగిపోయిన చోట ఆ కొలతే ఇంకోసారి తీయండి.

వెనకభాగం జాకీ మీద ఎత్తి చక్రాలు తిప్పితే ఊగిసలాట కనిపిస్తుంది. ఊగితే షాఫ్టో రిమ్మో వంగినట్టు. హబ్ (చక్రం నడిబొడ్డు) ఎత్తులో వెనక టైర్ల మధ్య దూరం ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలవండి. అంగుళంలో ఎనిమిదో వంతు దాటి తేడా వస్తే యాక్సిల్ గొట్టం వంగిందని అనుమానించాలి. దాంతో ఏ సెట్టింగూ నిలవదు. మీరు నెలల తరబడి స్ప్రింగులను తిట్టుకుంటారు.

రోల్‌కేజ్ (కారు బోల్తాపడితే డ్రైవరును కాపాడే గొట్టాల పంజరం) విషయంలో మాత్రం హాస్యం పనికిరాదు. చాలాచోట్ల కోరేది ఒకటీ ముప్పావు అంగుళాల బయటి వ్యాసం, 0.095 అంగుళం గోడ మందం ఉన్న స్టీలు ట్యూబు. నీళ్ళ పైపుతో కట్టిన కేజులు కూడా అమ్మకానికొస్తుంటాయి, జాగ్రత్త. మందం తేలాలంటే చిన్న రంధ్రం వేసి కొలవాలి, లేదా అల్ట్రాసానిక్ మీటరు పెట్టాలి. కేజు పాదాలు ఫ్రేముకు వెల్డ్ అయి ఉండాలి గానీ నేలరేకుకు కాదు. ఇంకో చోటుంది: డ్రైవరు తల మీది గొట్టాల అతుకులు. పైకప్పు అడ్డమొచ్చి వెల్డరు చెయ్యి ఆ అతుకుల పైభాగానికి చేరదు. అందుకని కింద సగం అందంగా వెల్డ్ చేసి, పైసగం దేవుడికి వదిలేస్తారు. చిన్న అద్దం, టార్చి తీసుకెళ్ళి కప్పుకూ గొట్టానికీ మధ్య దూర్చి చూడండి.

సీటు బెల్టుల చీటీ మీద తయారైన నెల, ఏడాది చిల్లు పొడిచి ఉంటాయి. రేసు భద్రతా సామగ్రికి ప్రమాణాలు పెట్టే ఎస్ఎఫ్ఐ సంస్థ లెక్కలో వాటి ఆయుష్షు రెండేళ్ళు. “ఒక్క సీజనే వాడాను” అన్న మాటకూ ఆ చిల్లుకూ సాధారణంగా చుట్టరికం ఉండదు. బెల్టులు, హెల్మెట్, మెడకు రక్షణ కొత్తవే కొనాలి. నాస్కార్ మేటి డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసు ఆఖరి ల్యాపులో చనిపోయాక, అదే ఏడాది అక్టోబరులో నాస్కార్ పెద్ద తరగతుల్లో తలను పట్టి ఉంచే పరికరాన్ని తప్పనిసరి చేసింది. ఎర్న్‌హార్ట్ అంతటివాడికి తప్పనిది మనకు తప్పుతుందని ఏ జాతకంలోనూ లేదు. సీటు కూడా అమ్మేవాడి నడుం కొలతదే. ఆయన పొట్టకు సరిపోయిన సీటులో మీరు అటూ ఇటూ దొర్లుతారు.

పెట్రోలు ట్యాంకులోని స్పాంజి పాతబడితే పొడిపొడిగా రాలుతుంది. ఫిల్టరు విప్పితే ముక్కలు కనిపిస్తాయి. ఆ ముక్కలే రేపు కార్బ్యురేటర్‌లో చేరి సరిగ్గా మలుపులో ఇంజను గొంతు నొక్కుతాయి.

ఇంజనుకు ఆఖరి స్థానం ఇచ్చింది కావాలనే. వెళ్ళగానే హెడర్ (ఇంజను నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు) మీద చెయ్యి పెట్టండి. ముందే వేడిగా ఉంటే, చల్లని ఇంజను స్టార్ట్ కావడం మీరు చూడటం అమ్మేవాడికి ఇష్టం లేదన్నమాట. లీక్‌డౌన్ పరీక్ష చేయించండి: ఒక్కో సిలిండరును టాప్ డెడ్ సెంటర్‌లో (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోట) నిలిపి 100 పీఎస్ఐ గాలి ఎక్కించడం. కారేది 10 శాతం లోపైతే బాగున్నట్టు, 20 దాటితే విప్పాల్సిందే. గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినాలి. కార్బ్యురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సరు గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూతలోంచి వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్. చివరగా ఆయిల్ ఫిల్టరు కోసి, మడతల్లోని కాగితం విప్పి చూడండి. అందులో మెరుపులుంటే ఎంత అందంగా ఉన్నా ఇంటికి తెచ్చుకోకండి. ఫ్యాక్టరీలోనే సీలు వేసి పెట్టెలో అమ్మే జీఎం 602 క్రేట్ ఇంజనైతే సీలు బోల్టులు చెక్కుచెదరకుండా ఉన్నాయా అన్నదే ముఖ్యం. సీలు పోతే హార్స్‌పవర్ ఎంతున్నా తనిఖీలో దాని విలువ సున్నా.

కారుతోపాటు “ఉచితంగా” ఇచ్చే ఇరవై టైర్లలో చాలావాటి రబ్బరు గట్టిపడి పూలకుండీలకే పనికొస్తుంది. స్పేర్లలో అడగాల్సింది కుడి ముందు స్పిండిల్, కింది కంట్రోల్ ఆర్మ్, గేర్లు, రిమ్ములు. ఇంకా నాలుగు చక్రాల బరువులు రాసిన కాగితం అడగండి. కుడి ముందు, ఎడమ వెనక చక్రాల బరువులు కలిపి మొత్తంతో భాగిస్తే వచ్చేది క్రాస్ వెయిట్. ఆ కాగితం ఇవ్వననేవాడి కారు బహుశా ఎప్పుడూ తూకం ఎక్కలేదు.

చేతిలో ఉన్న సొమ్ములో సగానికి మించి కారుకు పెట్టకూడదు. ట్రైలరు, లాగే ట్రక్కు, టైర్లు, ట్రాన్స్‌పాండరు (ల్యాపుల లెక్క చెప్పే పరికరం) మిగతా సగాన్ని మిమ్మల్ని అడగకుండానే పంచుకుంటాయి. ఇక చాలా ట్రాకుల్లో కొత్తవాళ్ళు వెనకనుంచే మొదలుపెట్టాలి. పసుపు గీత ఉన్న నీలిజెండా ఊపితే వేగంగా వచ్చేవాళ్ళకు దారి వదలాలి. అది మీకోసం ఊపుతున్నది కాదేమోనన్న అనుమానం అక్కర్లేదు, మీకోసమే. రాత్రి చివర్లో కిటికీ దగ్గర ఇచ్చే బహుమతి సొమ్ము ఒక టైరు ఖరీదులో సగానికి వస్తే ఆ వారం లాభాల్లో ఉన్నట్టు ఇంట్లో చెప్పుకోవచ్చు. పెట్రోలు, పిట్ పాసులు వేరే పద్దు కింద రాయండి.